సున్నం వేసింది ఎవరు

ఒక కర్మాగారం వల్ల గాలికి, నీటికి, నేలకు, చుట్టుపక్కల మనుషులకు ఏ ముప్పు రావచ్చో ముందుగా చూసి చెప్పడం నా ఉద్యోగం. నేను చేరిన రోజుల్లో దాన్ని పొల్యూషన్ పని అనేవారు. మానేసేనాటికి సస్టైనబిలిటీ రిస్క్ అసెస్‌మెంట్ అయింది. పేరు పెరిగింది, పని తగ్గింది. మునుపు చిమ్నీ కింద నిలబడి చూసేవాళ్ళం. ఇప్పుడు చిమ్నీ ఫొటో చూస్తున్నారు.

ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు రిసాలిలోని, అంటే హిందీ మాట్లాడే ఈ ఉక్కు ప్లాంటు ఊళ్ళోని, మా ఇంటికి వస్తారు. ఏ కోర్సు చదవాలి, ఏ సర్టిఫికెట్‌కు విలువ ఉంది, విదేశీ కంపెనీలు ఎవరిని తీసుకుంటాయి అని అడుగుతారు. తెలిసినంత చెబుతాను. వాళ్ళు అడగనిది ఒకటి ఉంది. మనం రాసిన నివేదిక బయటికి వెళ్ళాక ఏం చేస్తుంది? అది మేలు చేయకపోవచ్చని అందరికీ తెలుసు. అది కీడు చేయగలదని, అందులోని ప్రతి వాక్యమూ నిజమే అయినా చేయగలదని నాకు పైడమ్మత్త వల్ల తెలిసింది. ఆమె మొన్న వేసవిలో చనిపోయింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

గడులు

మా పనిముట్టు ఒక గడుల పట్టిక. ముప్పు జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత అని రెండు అంకెలు వేస్తాం. రెండూ గుణిస్తాం. వచ్చిన అంకెను బట్టి ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అంటాం. పట్టిక చెడ్డది కాదు. కత్తిపీట చెడ్డది కానట్టే. ఎవరు ఏం తరుగుతున్నారన్నదే ప్రశ్న.

జరిగే అవకాశం ఎంతో తేల్చడానికి మేము చూసేవాటిలో ఒకటి, ఇప్పటివరకు వచ్చిన ఫిర్యాదులు. ఫిర్యాదు లేకపోతే అంకె తగ్గుతుంది. ఇది వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఫిర్యాదు చేసే మనిషికి తన ఇల్లు తనదని చూపే కాగితం ఉండాలి. ఒక పూట కూలి పోయినా పొయ్యి వెలగాలి. తన కొడుకు అదే ఫ్యాక్టరీ గేటు ముందు పనికోసం నిలబడి ఉండకూడదు. ఇవేవీ లేని మనుషులు నోరు మూసుకుంటారు. ఆ నోరు మూసుకోవడాన్ని మేము క్షేమం అని రాశాం. ఏళ్ళ తరబడి రాశాం. ఇది తెలియక జరిగిన పొరపాటు కాదు. తెలిసి, వీలుగా ఉంది కాబట్టి నడిచిన పద్ధతి.

ఇంకో మాట. మమ్మల్ని పిలిచేది, మా ఫీజు ఇచ్చేది ఆ ఫ్యాక్టరీయే. పరీక్ష రాసే విద్యార్థే పేపరు దిద్దే మాస్టారిని కుదుర్చుకోవడం ఏ బడిలోనూ చెల్లదు. మా దగ్గర చెల్లుతుంది. దీన్ని గురించి ఎవరైనా సదస్సులో మాట్లాడితే చప్పట్లు కొడతారు, తర్వాత భోజనాలకు లేస్తారు.

ముందు నడక, తర్వాత టీ

నా మొదటి పై అధికారి ఘోష్ గారు, బెంగాలీ కెమిస్టు. ఆయన నాకు నేర్పిన మొదటి సంగతి, ఫ్యాక్టరీలో అడుగుపెట్టగానే టీ తాగకూడదని. 'సరోజా, కుర్చీలో కూర్చున్నావంటే వాళ్ళు చూపించిందే చూస్తావు. ముందు నడువు. మేనేజరు ఎటు తీసుకెళితే దానికి ఎదురు దిక్కున నడువు' అనేవారు.

ఒకసారి ఇనుము పోతపోసే ఒక ఫౌండ్రీలో మేనేజరు మమ్మల్ని తోటలోకి తీసుకెళ్ళాడు. వరసగా క్రోటన్ మొక్కలు, బంతిపూలు. 'మా గ్రీన్ బెల్ట్' అన్నాడు. ఘోష్ గారు వంగి ఒక మొక్కను పట్టి లాగారు. కుండీతో సహా పైకి వచ్చింది. నర్సరీ వాళ్ళ చీటీ ఇంకా దానికే అంటించి ఉంది. మేనేజరు కంగారు పడలేదు. 'సార్, మీకు నచ్చితే తీసుకెళ్ళండి' అన్నాడు. ఎదురు దిక్కున నడిస్తే వెనక గోడకు కన్నం, కన్నంలోంచి పోత పోశాక పారేసిన నల్లటి ఇసుక, ఆ ఇసుక మీద గేదెలు కనిపించాయి.

ఘోష్ గారు నిజాయితీపరులు. అయినా ఆయన రాత మెత్తన. కళ్ళతో చూసింది కాగితం మీదికి వచ్చేసరికి 'మెరుగుదలకు అవకాశం ఉన్నది' అయ్యేది. ఒక బడి కిటికీలు మసి పట్టి తెరుచుకోని చోట కూడా మెరుగుదలకు అవకాశమే. ఎందుకిలా రాస్తారని అడిగితే, గట్టిగా రాస్తే చదవరు అనేవారు. మెత్తగా రాస్తే చదివి పక్కన పెడతారని ఆయనకూ తెలుసు. మెత్తని మాట కూడా అబద్ధమేనని నా అభిప్రాయం. ఆయన బతికి ఉండగా అది ఆయనతో అన్నాను. ఆయన కాదనలేదు.

లారీలు, బోరు, గుడి

పైడమ్మత్త మాకు చుట్టం కాదు. మా నాన్న, ఆమె భర్త శ్రీకాకుళం వైపు పక్క పక్క ఊళ్ళవాళ్ళు. నాన్నకు ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఉద్యోగం, సెక్టర్ 7లో క్వార్టరు దొరికాయి. పైడమ్మ భర్త ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద కూలీగా మిగిలిపోయాడు, తొందరగా పోయాడు. ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని మా వీధుల్లో ఎండు చేపలు అమ్మేది. మా అమ్మ 'వదినా' అనేది కాబట్టి నాకు అత్త. నా జుట్టు నెరిసిన తర్వాత కూడా నన్ను పాపా అనే పిలిచేది.

ఆమె ఉండే కూలీల పేట, ఇక్కడివాళ్ళ మాటలో బస్తీ, కారఖానాల వెనక పల్లంలో ఉంది. అంతా మన వైపు నుంచి వచ్చినవాళ్ళే. ఇళ్ళ పట్టాలు లేవు కాబట్టి మున్సిపాలిటీ కుళాయి లేదు. ఒక పాత నుయ్యి ఉండేది. బస్తీకి ఆనుకుని ఒక ప్రైవేటు ఫ్యాక్టరీ వచ్చింది. ఉక్కు కాచేటప్పుడు పైన తేలే మడ్డిని స్లాగ్ అంటారు. ఆ మడ్డిని కొని, పగలగొట్టి, కడిగి, మిగిలిన ఇనుము ఏరి అమ్మడం వాళ్ళ వ్యాపారం. ఏరగా మిగిలిన బూడిదరంగు పొడి, రాళ్ళు గుట్టలుగా పడతాయి. వాటిని ఎక్కడో ఒకచోట పోయాలి.

వానాకాలం బస్తీలో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయని ఎవరో ఫ్యాక్టరీ యజమానితో అన్నారు. ఆయన లారీలు పంపాడు. పల్లమంతా ఆ పొడితో ఎత్తు చేశారు. పాత నుయ్యి కూడా అందులో పూడిపోయింది. దానికి బదులు ఒక బోరు వేసి, చేతిపంపు పెట్టి ఇచ్చాడు. అందరూ సంతోషించారు. తన చెత్త తన గోడ పక్కనే ఖర్చు లేకుండా పారబోసుకుని, దణ్ణాలు కూడా పెట్టించుకున్నాడు.

కొన్ని వానాకాలాలు గడిచాయి. ఫ్యాక్టరీకి విదేశీ కొనుగోలుదారు దొరికాడు. సస్టైనబిలిటీ అసెస్‌మెంట్ ఉంటేనే సరుకు కొంటానన్నాడు. అలా ఆ పని మా సంస్థకు వచ్చింది. నేను అలవాటు ప్రకారం టీ వద్దని ఎదురు దిక్కున నడిచి, వెనక ఉన్న బస్తీలోకి వచ్చాను.

బోరు చుట్టూ టైల్సు వేసిన అరుగు, పక్కనే చిన్న గుడి, గుడి మీద ఫ్యాక్టరీ పేరుతో బోర్డు ఉన్నాయి. అరుగు మీద పైడమ్మత్త కూర్చుని ఉంది.

"ఏటే పాపా, ఇటొచ్చినావు? ఫేక్టరీకేనేటి? సెప్పులిప్పు ముందు. నూకాలమ్మకి దణ్ణం పెట్టు."

"బోరు దగ్గర నూకాలమ్మ ఏమిటత్తా?"

"నీకు తెల్దేటి! పేపర్లో ఏసినారు కదే. సదువుకున్నదానివి, పేపరు సూడవేటి?"

ఆమె చెప్పింది ఇది. కొత్తమావాస్యకు నూకాలమ్మ పండగ చేస్తారు. ఆడవాళ్ళు ఘటాల్లో పసుపునీళ్ళు నింపి, వేపమండలు పెట్టి ఊరేగుతారు. ఆ సంవత్సరం ఘటాలు ఈ బోరు నీళ్ళతో నింపారు. పసుపు వేయగానే నీళ్ళు ఎర్రబడ్డాయి.

"పారాణి నీల్లలాగ తిరిగిపోనాది. మేం పసుపేసినాం. సున్నం ఏసినోల్లు లేరు. ఎవులి సెయ్యీ తగల్లేదు. మరి అమ్మ కాక ఎవులేసినారు సెప్పు?"

పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని మన ఆడవాళ్ళలో తెలియనివారు లేరు. పారాణి పెట్టాలన్నా, దిష్టి తీయాలన్నా అదే కలుపుతాం. ఆ సంగతి తెలియని మనిషైతే నీళ్ళలో ఏదో తేడా ఉందని భయపడేది. వీళ్ళకు తెలుసు కాబట్టే భయపడలేదు. ఎర్రబడాలంటే సున్నం ఉండాలి, సున్నం మనిషెవరూ వేయలేదు, కాబట్టి అమ్మవారే వేసుకుంది. ఆలోచన సక్రమంగానే నడిచింది. లారీ ఒక్కటే అందులోకి రాలేదు.

తర్వాత వేరే బస్తీల నుంచి జనం సీసాలు పట్టుకుని వచ్చారు. పసిపిల్లలకు ఆ నీళ్ళే పోశారు, బాలింతలకు తీర్థంగా ఇచ్చారు. ఫ్యాక్టరీ యజమాని వచ్చి, కొబ్బరికాయ కొట్టి, గుడి కట్టించాడు.

నేను బిందెలోకి చూశాను. నిలవ ఉన్న నీళ్ళ మీద పల్చటి తెల్లని పొర ఉంది. గిన్నెల లోపల తెల్లగా గట్టిగా పట్టింది. పైడమ్మత్త కోడలు ఈశ్వరి అన్నం వారుస్తోంది. అన్నం పసుపుపచ్చగా ఉంది. ఆమె వేళ్ళ సందులు పగిలి ఉన్నాయి. చంకలో పిల్లవాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సంచిలోంచి నీళ్ళ ఘాటును రంగుతో చూపే కాగితం తీసి బిందెలో ముంచాను. అంకె చదవనవసరం లేకపోయింది. అది తాగే నీళ్ళకు రావలసిన రంగు కాదు, సున్నపుతేటకు రావలసిన రంగు.

"అత్తా, సున్నం ఎవరు వేశారో నాకు తెలుసు" అన్నాను. కాలికింద నేల చూపించాను.

ఆమె నేలకేసి చూసింది. "ఈ బూడిదరాయా? వానకి బురదవకుండా సేటు లారీలతో పోయించినాడు కదా."

"అందులో సున్నం ఉంటుంది. వాననీళ్ళు దాన్ని కడిగి కిందికి దింపాయి. కిందనుంచి మీరు తోడుకుంటున్నారు."

"అయితే సున్నమేసింది లారీయేనేటి!" అని పైడమ్మత్త పకపకా నవ్వింది. "లారీకే దణ్ణాలెట్టినామన్నమాట. కొబ్బరికాయలు కూడా!"

ఈశ్వరికి నవ్వు రాలేదు. "నవ్వుతావేటత్తా? గుంటడికి ఆ నీల్లే పోత్తన్నాం" అంది.

ముసలామె నవ్వు ఆపింది. "అమ్మకి కోపమొస్తే నాను సర్దుకుంతాను. రోజూ మాటాడేదాన్నే కదా. మరి నీల్లేటి పాపా? ఇయ్యి ఒద్దంటే నీల్లేటి?"

నా ఉద్యోగ జీవితంలో నేను విన్న ప్రశ్నలన్నిటిలో సరైనది ఇదే. ఇది వేసింది ఇంజినీరు కాదు, ఆడిటరు కాదు. ఆ నీళ్ళు తాగాల్సిన మనిషి.

సామాజిక ముప్పు

నివేదికలో నేను రాసిన వరుస ఇది. ముందు బస్తీకి మంచినీళ్ళు తేవాలి. తర్వాత పోసిన స్లాగ్ తవ్వి తీసేయాలి. ఆ తర్వాత బోరు మూయాలి. వరుస మారకూడదని కూడా రాశాను.

అప్పటికి ఘోష్ గారు లేరు. మా డైరెక్టరు రామ్మోహనరావుగారు. విజయవాడ మనిషి, మర్యాదస్తుడు, కోపం ఎరగడు. ఆయన నా కాగితాలు చదివి కళ్ళజోడు తీశారు.

"బోరు మూయమంటే ఎలాగండీ సరోజగారూ? అది అమ్మవారి బోరు. జనం మనోభావాలు ఉంటాయి. మూస్తే గొడవవుతుంది. అది సామాజిక ముప్పు. పట్టికలో వేసి చూడండి, మూయకపోతే వచ్చేదానికంటే మూస్తే వచ్చే అంకే పెద్దది."

"మూసుకుంటామని వాళ్ళే అంటున్నారండీ. నీళ్ళిస్తే చాలంటున్నారు."

"నీళ్ళివ్వడం ఫ్యాక్టరీ పని కాదు కదండీ. మున్సిపాలిటీ చూసుకోవాలి."

"నేల నింపడం మున్సిపాలిటీ పనేనండీ? అది ఫ్యాక్టరీ చేసింది."

"అది సహాయం. సహాయం చేసినవాడిని తప్పు పడితే రేపు ఎవరూ ముందుకు రారు."

"బోరు?"

"అదీ సహాయమే. గుడి కూడాను. నిజం చెప్పాలంటే ఆ మూడింటికీ మనం మంచి మార్కులు వేయాలి. సమాజాభివృద్ధి కింద వస్తాయి."

ఆయన పరిహాసానికి అనలేదు. తర్వాత చిత్తుప్రతిలో నిజంగానే ఆ మూడూ సమాజాభివృద్ధి కింద ఉన్నాయి. దేవుణ్ణి నమ్మే ముసలామె ఒక్క క్షణంలో విషయం గ్రహించి, నవ్వి, నీళ్ళు అడిగింది. ఆమె భక్తిని అడ్డం పెట్టుకుని ఈ పెద్దమనిషి స్లాగ్‌ను కాపాడాడు. మనోభావాలు అనే మాట ఆ తర్వాత నాకు ఎక్కడ వినిపించినా, దాని వెనక ఎవరి లారీ ఉందో చూడటం అలవాటైంది.

కానీ కథ అలా నిలవలేదు. నేను పంపిన బోరు నీళ్ళ పరీక్ష ఫలితం లేబొరేటరీ నుంచి కొనుగోలుదారుడికీ వెళ్ళింది. ఈ బోరు సంగతి ఏం చేశారని వాళ్ళు అడిగారు. చేశామని ఏదో ఒకటి చూపాలి. అప్పుడు నా సిఫారసులు బయటికి తీశారు. మూడింటిలో ఒక పూటలో అయ్యేది ఏది? బోరు మూయడం. దాన్ని తక్షణ చర్య అన్నారు. నీళ్ళు, స్లాగ్ తీయడం రెండూ 'దీర్ఘకాలంలో పరిశీలించదగినవి' అయ్యాయి. నేను సంతకం పెట్టలేదు. పక్క గదిలో ఉన్నవాళ్ళు పెట్టారు.

ఎండలు ముదిరాక ఫ్యాక్టరీ మనుషులు వచ్చి పంపు పీకేసి, గొట్టంలో కాంక్రీటు పోశారు. గుడి, బోర్డు అలాగే ఉంచారు. ఏ గొడవా జరగలేదు. మనోభావాలు ఎవరికీ దెబ్బతినలేదు. దాహం మాత్రం వేసింది.

"చూశారా, చివరికి మీ మాటే నెగ్గింది" అని రామ్మోహనరావుగారు నవ్వుతూ అన్నారు. పట్టికలో ఆ వరుసకు ఎదురుగా 'ముప్పు తొలగినది' అని రాసి ఉంది.

పిల్లలూ, ఈ వృత్తిలో నేను నేర్చుకున్నదాన్ని ఒక్క మాటలో చెప్పమంటే ఇదే చెబుతాను. మీ సిఫారసుల్లో చవకైనది, మనుషుల మీద భారం వేసేది ఒక్కటున్నా, అదొక్కటే జరుగుతుందనుకుని రాయండి. మిగతావి జరగకుండా అది జరిగితే ఏమవుతుందో అదే పేజీలో రాయండి. మీ నిజాన్ని ముక్కలు చేసి, తమకు కావలసిన ముక్క పట్టుకుపోయేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

తేట నీళ్ళు

బస్తీకి ట్యాంకరు వచ్చినప్పుడు వచ్చేది, రానప్పుడు లేదు. ఫ్యాక్టరీలో స్లాగ్ కడిగిన నీళ్ళు ఒక తొట్టెలో నిలవ చేస్తారు. అడుగున తెల్లటి బురద పేరుకుంటుంది, పైన నీళ్ళు అద్దంలా ఉంటాయి. ఆ ప్రాంతంలో అంత తేటగా ఉన్న నీళ్ళు ఇంకెక్కడా లేవు. సున్నంతో అంత ఘాటెక్కిన నీళ్ళూ లేవు. చుట్టూ ముళ్ళతీగ ఒకటే, అదీ ఒకచోట తెగి ఉంది.

బస్తీ ఆడవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. తాగడానికి ఆ నీళ్ళు తేలేదు. గిన్నెలు తోముకోవడానికి, బట్టలు ఉతుక్కోవడానికి తెచ్చుకున్నారు. ఒకరోజు పొద్దున పైడమ్మత్త బిందె ముంచుతూ గట్టు మీద జారి ముందుకు పడింది. లోపల పనిచేసేవాళ్ళు పరుగెత్తుకొచ్చి లాగారు. ప్రాణం దక్కింది, కళ్ళు దక్కలేదు.

నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి రెండు కళ్ళకూ కట్లున్నాయి. అలికిడి విని "ఎవులు?" అంది.

"నేనత్తా, సరోజను."

"రా పాపా. ట్యాంకరొచ్చినాదేటి?"

ఆమె అడిగిన మొదటి మాట అది. పక్కన ఈశ్వరి నేలమీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ ప్రమాదాన్ని మా సంస్థ తర్వాతి నివేదికలో ఎలా రాసిందో చెబుతాను. 'బయటి వ్యక్తి అనధికార ప్రవేశం.' అది భద్రత కిందికి వచ్చే ముప్పు. దానికి పరిష్కారం గోడ. గోడ కట్టారు, ఎత్తుగా, మీద గాజుపెంకులతో. మళ్ళీ ఆ వరుసకు ఎదురుగా 'ముప్పు తొలగినది'. ఒక మనిషి కళ్ళు పోతే, ఆమెను బయట ఉంచడం పరిష్కారం. చదువుకున్నవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు, పండగపూట అమ్మవారికి చీర పెట్టేవాళ్ళు కూర్చుని ఆ వాక్యం రాశారు. నేను చాలా పుస్తకాలు చదివాను. దుర్మార్గుల గురించి చదివాను. ఇంత నెమ్మదిగా, ఇంత మర్యాదగా, ఎవరి గొంతూ పెరగకుండా జరిగే దుర్మార్గం గురించి తక్కువ చదివాను.

నేను ఫిర్యాదు చేశాను. కాలుష్యం సంగతి చూసే ప్రభుత్వ కార్యాలయం నుంచి ఇద్దరు వచ్చారు. 'బోరు మూసేశారు కదమ్మా, శాంపిల్ ఎక్కడ తీయమంటారు?' అన్నారు. తొట్టె చూపిస్తానంటే గోడ ఉంది కదా, ఇక ప్రమాదమేమిటన్నారు. కాళ్ళకింద ఉన్న స్లాగ్ సంగతి అడిగితే, ఈ భూమి ఎవరి పేరున ఉందో వాళ్ళు రాసివ్వాలన్నారు. ఆ భూమి ఎవరి పేరునా లేదు. అక్కడే నిలబడి ఉన్న వందమందిలో ఒక్కరి పేరునా లేదు.

ఆ తర్వాత నేను ఆ సంస్థలో లేను. చివరి ఏళ్ళు ఒక చిన్న లేబొరేటరీలో నీళ్ళు పరీక్షించి గడిపాను.

పైడమ్మత్త చూపు లేకుండా కొన్నేళ్ళు బతికింది. ఇంటి గుమ్మంలో కూర్చుని ఎండు చేపలు అమ్మేది. ఎవరైనా నీ దగ్గర కొన్నదేనంటూ పుచ్చు చేప తిరిగి ఇస్తే ముక్కు దగ్గర పెట్టుకుని, "కల్లు లేవని మోసం సేత్తన్నావేటి? ఇది నా తట్టలో సేప కాదు, మీ ఇంటిదే" అనేది. జ్వరం వచ్చి పోయింది. ఆ జ్వరానికి స్లాగ్ కారణమని నేను రుజువు చేయలేను. రుజువు చేయలేనిది రాయను. కళ్ళు ఎందుకు పోయాయో మాత్రం రాయగలను, రాశాను.

గోడకు ఇవతల

ఆమె పెద్దకార్యం అయిన కొద్దిరోజులకు ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పేరు హర్షిత. మా పాత సంస్థలో కొత్తగా చేరింది. ఆ స్లాగ్ ఫ్యాక్టరీ ఇంకో షెడ్డు కడుతోందట, మళ్ళీ అసెస్‌మెంటట. "ఆంటీజీ, పాత ఫైల్లో మీ పేరు దొరికింది. ఆ బస్తీ సైడ్ నుంచి కంప్లయింట్స్ ఏమైనా ఉండేవా?" అని అడిగింది. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. తెలుగుకంటే హిందీ తొందరగా వస్తుంది.

ఫోన్‌లో చెప్పనన్నాను. బస్తీకి రమ్మన్నాను. వచ్చింది.

ఈశ్వరి గుమ్మంలో చాప వేసింది. నన్ను చూసి "వదినా, కూకో" అంది. ఆ అమ్మాయిని చూసి "నువ్వు కూడా కూకోమ్మా. ఏటి సంగతి?" అంది.

"దీదీ, ఫ్యాక్టరీతో మీకు కోయీ పరేషానీ ఉందా?"

"పరేషానీయా? నీల్లు లేవు. రాసుకో."

హర్షిత ఇబ్బందిగా కదిలింది. "నీళ్ళు మా స్కోప్‌లో రావు దీదీ. మా స్కోప్ బౌండరీ వాల్ వరకే."

ఈశ్వరి ఆమెను ఎగాదిగా చూసింది. "గోడ దాకానే అయితే, గోడకి ఇవతల నా గుమ్మంలో కూకుని నన్నేటి అడుగుతన్నావమ్మా? గోడనే అడక్కపోయావా?"

అమ్మాయి ముఖం ఎర్రబడింది. నావైపు చూసింది. ఆ సమాధానం నేను ఇవ్వవలసింది కాదు.

అంతలో ఆమె ఫోన్ మోగింది. అవతల ఆమె పై అధికారి గొంతు మా అందరికీ వినిపించింది. "ఎక్కడున్నావ్? బస్తీలోకి వెళ్ళమని ఎవరు చెప్పారు? టీ, స్నాక్స్ పెట్టుకుని ఇక్కడ అందరూ వెయిట్ చేస్తున్నారు."

"సర్, ఇక్కడ వాటర్ సోర్స్ ఒకసారి చూడాలి."

"అది మనది కాదు. వాపస్ ఆ జాఓ, వెంటనే వచ్చేయ్."

"చూసి వస్తాను సర్" అని ఫోన్ పెట్టేసింది. "దీదీ, నీళ్ళు ఎక్కడ నుంచి తెస్తారు?"

"సానా దూరం. రైలు లైన్లు దాటి పోవాల. ఎండలో నడవగలవేటి?"

"నడుస్తాను."

ఈశ్వరి లోపలికి వెళ్ళి రెండు బిందెలు తెచ్చింది. ఒకటి చంకన పెట్టుకుని, రెండోది ఆ అమ్మాయి చేతికి ఇచ్చింది.

"మరి ఊరికే సూడ్డమెందుకు? ఒకటి నువ్వు మొయ్యి."